ఆ అప్పలస్వామి ఏ అప్పలస్వామి?

(ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ పిల్లలు, దుకాణాలవాళ్ళు, ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ మాస్టార్లు కూర్చున్న చోట చెప్పిన మాటలు. ఫోన్‌లో రికార్డు చేసినదాన్ని విని రాసింది. మధ్యలో కరెంటు పోయిన పది నిమిషాలు ఇందులో లేవు.)

వెనకవాళ్ళకి వినిపిస్తోందా? సరే. తమ్ముడూ, ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

డేటాబేస్ గురించి చెప్పమని నన్ను పిలిచారు. పోస్టర్ మీద ఆ మాట చూసి కొంతమంది ఇది మనకి సంబంధించింది కాదులే అనుకున్నారట, దుకాణం కట్టేసి ఇప్పుడొచ్చిన అన్నయ్య గుమ్మంలోనే ఆ మాట అన్నాడు. అన్నయ్యా, మీ ఇంట్లో ఒక డేటాబేస్ ఉంది, దాన్ని పాత తువ్వాల్లో చుట్టి బీరువాలో బట్టల కింద పెట్టి తాళం వేశారు. చదివింపుల పుస్తకం!

నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. పోయిన నెల మా ఇంటికి పాతపట్నం నుంచి ఒక శుభలేఖ వచ్చింది, అప్పలస్వామి గారి అమ్మాయి పెళ్ళి. మనం ఏం చేస్తాం? మన ఇంట్లో పెళ్ళికి ఆయన ఎంత చదివించాడో చూసి, దానికి తగ్గకుండా, మరీ ఎక్కువ కాకుండా తీసుకెళ్తాం కదా. 2003లో మా చెల్లి పెళ్ళినాటి పుస్తకం తీశాను. అందులో ముగ్గురు అప్పలస్వాములు. ఒకచోట 'అప్పలస్వామి, పాతపట్నం, 516'. ఇంకోచోట 'పి. అప్పలస్వామి, పాతపట్నం, 116'. మూడోచోట 'అప్పలస్వామి గారు, 1116', ఊరు రాయలేదు. ఇప్పుడు ఈ శుభలేఖ ఎవరిది? మా అమ్మని అడిగితే పుస్తకం వంక చూడకుండానే చెప్పేసింది. "ఆ మూడోది బియ్యం మిల్లు ఆయనరా, ఆ రోజు రాసింది మీ చిన్నాన్న, తనకి బాగా తెలిసినవాళ్ళకి ఊరు రాయడు."

అంటే అసలు డేటాబేస్ పుస్తకంలో లేదు, మా అమ్మ బుర్రలో ఉంది. ఇవాళ నేను చెప్పేదంతా ఆమె బుర్రలో ఉన్నదాన్ని, ఆమె పక్కన లేనప్పుడు కూడా పనికొచ్చేటట్టు ఎలా రాసిపెట్టాలన్నదే. మిగతావన్నీ దీనికి తోకలు.

ముందు నాలుగు మాటలు తెలుసుకుందాం. వీటికి తెలుగు మాటలు వాడమని ఒక మాస్టారు ఇందాక సలహా ఇచ్చారు, పట్టిక, వరుస, క్షేత్రం అని. మాస్టారూ, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో నిలబడి, ఎవరూ నోటితో అనని మాటలు నేను అనలేను. రేపు ఈ పిల్లలు ఉద్యోగానికి వెళితే అక్కడ టేబుల్ అంటారు, కాలమ్ అంటారు. నేనూ అవే అంటాను.

చదివింపుల పుస్తకం మొత్తాన్ని ఒక టేబుల్ అనుకోండి. అడ్డంగా ఒక్కో మనిషి గురించి రాసిన గీత ఒక రో, దాన్నే రికార్డు అని కూడా అంటారు. నిలువుగా పేరు, ఊరు, మొత్తం, ఇవి కాలమ్‌లు, కొందరు ఫీల్డులు అంటారు. ఒక రో, ఒక కాలమ్ కలిసే గడిలో ఉండేది విలువ. ఇంతే. ఇలాంటి టేబుళ్ళు కొన్ని ఒకదానితో ఒకటి సంబంధం పెట్టుకుని ఒకచోట ఉంటే అది డేటాబేస్. దాన్ని కాపలా కాసే, అడిగినది తీసి ఇచ్చే, తప్పు రాయబోతే చెయ్యి పట్టుకునే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది, ఒరాకిల్, మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ ఇలాంటివి. మాటల్లో రెంటినీ కలిపి డేటాబేస్ అనేస్తాం కానీ ఒకటి పుస్తకం, రెండోది గుమాస్తా.

ఈ గుమాస్తా ఎంత పట్టుదల మనిషో చూడండి. మొత్తం అనే కాలమ్‌లో అంకెలే రాయాలని ముందే చెప్పామనుకోండి, అక్కడ 'ఒక పట్టుచీర' అని రాయబోతే ఒప్పుకోడు. దీన్ని డేటా టైప్ అంటారు. మన పుస్తకాల్లో ఒకరికి 516 అని, ఇంకొకరికి ఐదు వందల పదహార్లు అని, మూడో ఆయనకి 'వెండి కుంకుమభరిణె' అని అదే గడిలో రాస్తాం, చివర్లో కూడమంటే కాలిక్యులేటర్ పట్టుకున్న పిల్లాడు ఏడుస్తాడు. చీరలకి, భరిణెలకి వేరే కాలమ్ పెట్టాలి.

ఇక్కడ కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఒకటి. ఫోన్ నంబరు అంకెలే కదా అని దానికి అంకెల టైప్ పెడతారు. అది అంకెలతో రాసిన పేరు, అంతే. రెండు ఫోన్ నంబర్లు ఎవరైనా కూడతారా? అంకెల టైప్ పెడితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. కూడికకో, తీసివేతకో, పోలికకో పనికొస్తేనే దాన్ని అంకె అనండి, లేకపోతే టెక్స్ట్ అనండి. పిన్ కోడ్ అయినా అంతే.

ఇక ఖాళీ గడి సంగతి. బియ్యం మిల్లు ఆయనకి ఊరు రాయలేదు. దీన్ని నల్ అంటారు. నల్ అంటే సున్నా అనుకోవద్దు. మొత్తం కాలమ్‌లో సున్నా ఉంటే ఆయన వచ్చి భోంచేసి ఏమీ చదివించలేదని, నల్ ఉంటే ఏం చదివించాడో మనకి తెలియదని. మొదటిది మాట పడాల్సిన విషయం, రెండోది రాసినవాడి బద్ధకం, ఈ రెంటినీ ఒకటి చేస్తే చుట్టరికాలు పోతాయి. ఇంకో తమాషా, ఇద్దరికి ఊరు నల్ అయితే ఆ ఇద్దరిదీ ఒకే ఊరా అని డేటాబేస్‌ని అడిగితే అవునని చెప్పదు. తెలియనిదీ తెలియనిదీ సమానమని ఎలా చెబుతుంది? మొదట్లో నాకూ ఇది చాదస్తంలా అనిపించింది, తర్వాత అర్థమైంది, దానికున్నంత నిజాయితీ మనకి లేదు.

ఎక్సెల్‌లో ఇవన్నీ చేసుకోవచ్చు కదా అని ఆ ఎర్రచొక్కా తమ్ముడు అడుగుతున్నాడు. చేసుకో, యాభై మంది సభ్యుల లెక్కకి ఎక్సెలే మంచిది, దానికోసం డేటాబేస్ పెట్టమనేవాడు తన పనితనం చూపించుకోవడానికి అంటున్నాడు. కానీ ఎక్సెల్ హద్దులు తెలిసి వాడు. 2020 అక్టోబరులో ఇంగ్లండులో కోవిడ్ వచ్చినవాళ్ళ లెక్కల్లో దాదాపు 16 వేల కేసులు కనిపించకుండా పోయాయి, ఎందుకంటే ఎవరో పాతకాలం ఎక్సెల్ ఫైలు వాడారు, దానిలో 65,536 వరసలే పడతాయి, ఆ తర్వాతవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. కొత్తవాటిలో 10,48,576 దాకా పడతాయి, ఈ అంకె కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. సైజు ఒక్కటే కాదు, ఇద్దరు ఒకేసారి రాస్తే, తప్పు రాస్తే, సగం రాశాక కరెంటు పోతే ఏమిటన్నది అసలు సంగతి. అక్కడికీ వస్తాను.

ఇప్పుడు కీ. ఇది ఇవాళ్టి అసలు పాఠం, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

టేబుల్‌లో ఒక రోని మిగతా అన్నింటి నుంచీ విడదీసి చూపించే కాలమ్‌ని ప్రైమరీ కీ అంటారు. రెండు రోలకి అది ఒకటే ఉండకూడదు, ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. పేరు పెట్టుకుందామా? మూడు అప్పలస్వాములు మనకి వద్దని చెప్పారు. పైగా మనం ఉండేది ఎక్కడ? ఏరు దాటితే ఆంధ్రా, ఇటు ఒడిశా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కార్డు మీద ఇంగ్లీషు. ఒక్క మనిషి పేరు మూడు లిపుల గుండా వెళ్ళి వచ్చేసరికి ముగ్గురు మనుషులవుతారు. తెలుగువాడు రాస్తే నారాయణ, చివర అకారం ఉంటుంది. ఒడియా గుమాస్తా ఇంగ్లీషులో కొడితే అది నారాయణ్ అయి కూర్చుంటుంది. మనకి ఇంటిపేరు ముందు, వాళ్ళకి వెనక. ఫారంలో ఇంటిపేరు గడి వేరే ఉంటుంది కదా, అక్కడ పేరు చివరి ముక్క పెట్టేస్తారు. అందుకే ఈ ఊళ్ళో సగం మంది తెలుగు మగవాళ్ళ ఇంటిపేరు రావు!

మా అమ్మ పేరు నారాయణమ్మ అనుకోండి. ఒక కార్డులో అలాగే ఉంది. ఇంకో కాగితంలో పేరు నారాయణ్, ఇంటిపేరు అమ్మ. నవ్వుతున్నారు కానీ దీనివల్ల ఆమెకి పెన్షన్ ఏడు నెలలు ఆగింది. ఆ ఆఫీసు పేరు చెప్పను, అక్కడ కూర్చున్న అబ్బాయి మంచివాడే, "సిస్టమ్‌లో మ్యాచ్ అవడం లేదు మావుసీ" అని ప్రతిసారీ కుర్చీ వేసి మరీ చెప్పేవాడు. సిస్టమ్ తప్పు అనడానికి లేదు. పేరుతో పేరు పోల్చి చూడమని ఎవరో దానికి చెప్పారు, అది చూసింది. ఆ చెప్పినవాడికి మన సరిహద్దు తెలియదు.

అందుకే అర్థంపర్థం లేని నంబరు ఒకటి ఇస్తారు. మెంబరు నంబరు 1, 2, 3 అని. దానిలో ఊరు, పుట్టినరోజు, కులం, గోత్రం ఏదీ దాచకూడదు, ఎందుకంటే అర్థం ఉన్నది ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు మారుతుంది. ఆధార్‌లో 12 అంకెలు ఉన్నాయి కదా, వాటిలో మన ఊరు గానీ పుట్టిన సంవత్సరం గానీ ఏమీ ఉండదు, అది తెలిసే అలా పెట్టారు.

కొన్నిసార్లు ఒక్క కాలమ్ సరిపోదు. ఒడిశా భూలేఖ్ వెబ్‌సైట్ చూశారా, భూమి కాగితాలు చూసేది? జిల్లా అడుగుతుంది, తహసీలు అడుగుతుంది, గ్రామం అడుగుతుంది, అప్పుడుగానీ ఖతియాన్ నంబరో, అంటే భూమి ఖాతా నంబరో, ప్లాట్ నంబరో వెయ్యనివ్వదు. ఎందుకా? ప్లాట్ నంబరు 112 ప్రతి ఊళ్ళోనూ ఉండొచ్చు. ఊరు, ప్లాట్ నంబరు రెండూ కలిస్తేనే ఒక్క భూమి ముక్క. ఇలా రెండు మూడు కాలమ్‌లు కలిసి కీ అయితే కాంపోజిట్ కీ అంటారు. ఒక ఖతియాన్ కింద నాలుగు ప్లాట్లు ఉండొచ్చు, దాన్ని ఒకటికి అనేకం అనే సంబంధం అంటారు. చూశారా, భూమి కొలిచే అమీనులకి ఇదంతా కంప్యూటర్ పుట్టకముందే తెలుసు.

మా తాతయ్య సంగతి చెబుతాను. ఆయన ఈ ఊళ్ళో పుట్టినప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చింది, ఆయన అరుగు మీదే కూర్చున్నాడు, రాష్ట్రం మారింది. 1992 అక్టోబర్ 2న గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోయింది, అప్పటికీ అదే అరుగు, జిల్లా మారింది. 2011లో ఒరిస్సా ఒడిశా అయింది, అప్పటికి ఆయన లేడు గానీ అరుగు ఉంది.

ఇప్పుడు ఒక బడి రిజిస్టరులో నలభై వేల మంది పేర్లున్నాయనుకోండి, ప్రతి పేరు పక్కన ఊరు, జిల్లా, రాష్ట్రం పూర్తిగా రాసి ఉంది. జిల్లా మారిన రోజున ఏం చెయ్యాలి? నలభై వేల చోట్ల కొట్టేసి రాయాలి. మనిషన్నాక మధ్యలో టీకి లేస్తాడు, వచ్చి ఎక్కడ ఆపాడో మర్చిపోతాడు, ఒకే వీధివాళ్ళు కొందరు గంజాంలో, కొందరు గజపతిలో మిగిలిపోతారు. ఇప్పుడు ఏది నిజమని ఆ రిజిస్టరుని అడిగితే అది చెప్పలేదు.

దీనికి మందు, ఊళ్ళకి వేరే టేబుల్ పెట్టడం. ఊరు నంబరు 7, పర్లాకిమిడి, గజపతి, ఒడిశా. ఒక్క గీత. మనుషుల టేబుల్‌లో మాత్రం ఊరు నంబరు 7 అని రాస్తాం, అంతే. జిల్లా మారితే ఒక్కచోట దిద్దితే చాలు, నలభై వేల మందీ ఒక్క క్షణంలో గజపతి జిల్లావాళ్ళు అయిపోతారు. మనుషుల టేబుల్‌లో కూర్చున్న ఆ 7ని ఫారిన్ కీ అంటారు, వేరే టేబుల్ కీ మన ఇంటికి చుట్టంగా వచ్చిందన్నమాట. ఊళ్ళ టేబుల్‌లో 7 లేకుండా ఇక్కడ 7 రాయబోతే గుమాస్తా ఒప్పుకోడు. అలా ఒక విషయాన్ని ఒక్క చోటే ఉండేటట్టు టేబుళ్ళు విడగొట్టడాన్ని నార్మలైజేషన్ అంటారు. పుస్తకాల్లో దానికి ఫస్ట్ ఫార్మ్, సెకండ్ ఫార్మ్, థర్డ్ ఫార్మ్ అని మెట్లు ఉంటాయి, పరీక్షకి చదువుకోండి, పనిలో మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది మారితే నేను ఎన్ని చోట్ల దిద్దాలి?

ఏమిటమ్మా? ఆ, మంచి ప్రశ్న. మరి 1985లో పదో తరగతి పాసైనవాడి సర్టిఫికెట్ మీద గంజాం అనే ఉండాలి కదా, ఒక్కచోట మారిస్తే అదీ గజపతి అయిపోతుంది కదా అంటోంది. కరెక్ట్. అప్పటి నిజం వేరు, ఇప్పటి నిజం వేరు. రెండూ కావాలంటే ఊళ్ళ టేబుల్‌లో ఫలానా తేదీ నుంచి, ఫలానా తేదీ దాకా అని రెండు కాలమ్‌లు పెట్టి ఊరికి రెండు గీతలు రాయాలి. ఇరవై ఏళ్ళు ఈ పని చేసినవాళ్ళు కూడా ఇది మర్చిపోతారు. నీ పేరేమిటి... వద్దులే, రికార్డవుతోంది.

ఈ టేబుళ్ళ ఆలోచన ఎవరిదంటే ఎడ్గార్ కాడ్ అని ఇంగ్లండులో పుట్టిన ఆయనది. అమెరికాలో ఐబీఎమ్ అనే కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తూ 1970లో ఒక వ్యాసం రాశాడు. అంతకుముందు కూడా పెద్ద డేటాబేసులు ఉండేవి, చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన అపోలో పనికోసం విడిభాగాల లెక్కలు రాయడానికి ఐబీఎమ్ వాళ్ళే ఒకటి కట్టారు. అది చెట్టులా ఉండేది, వేరు దగ్గర మొదలుపెట్టి ఏ కొమ్మ మీద నుంచి ఏ రెమ్మకి పోవాలో నువ్వే చెప్పాలి. దారి తెలియకపోతే కాయ ఉన్నా దొరకదు. కాడ్ అన్నదేమిటంటే, నీకేం కావాలో అది చెప్పు చాలు, ఏ దారిన వెళ్ళి తేవాలో చూసుకోవడం యంత్రం పని అని. సొంత కంపెనీయే చాన్నాళ్ళు పట్టించుకోలేదు, పాత సరుకు బాగా అమ్ముడుపోతోంది మరి. ఈలోగా ఆ వ్యాసాలు చదివిన బయటివాళ్ళు 1979లో ఒరాకిల్‌ని అమ్మకానికి పెట్టేశారు. కాడ్‌కి 1981లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు, కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవం అది.

కావాల్సింది చెప్పే ఆ భాషే ఎస్‌క్యూఎల్. ఐబీఎమ్‌లోనే చేంబర్లిన్, బాయిస్ అని ఇద్దరు 1974లో సీక్వెల్ అనే పేరుతో తెచ్చారు, ఆ పేరు అప్పటికే వేరే కంపెనీది కావడంతో అచ్చులు తీసేసి పొట్టి చేశారు. ఇప్పటికీ చాలామంది నోట సీక్వెల్ అనే వస్తుంది. చూడండి ఎంత మామూలుగా ఉంటుందో, బోర్డు మీద తెలుగులో రాస్తున్నాను:

సెలెక్ట్ పేరు, మొత్తం ఫ్రమ్ చదివింపులు వేర్ ఊరు = 'పాతపట్నం'

పేరూ మొత్తమూ తీసివ్వు, చదివింపుల టేబుల్ నుంచి, ఊరు పాతపట్నం అయినవాళ్ళవి. ఇది క్వెరీ. చేర్చడానికి ఇన్సర్ట్, దిద్దడానికి అప్‌డేట్, తీసెయ్యడానికి డిలీట్. విడగొట్టిన టేబుళ్ళని అడిగినప్పుడు కలిపి చూపించడం జాయిన్, అప్పలస్వామి గీతనీ ఆయన ఊరి గీతనీ పక్కపక్కన పెట్టి చదవడమన్నమాట.

వేర్ గురించి ఒక ఏడుపు చెప్పాలి. మొదటి ఉద్యోగంలో, ఏ కంపెనీ అని అడగొద్దు, ఒక కస్టమరు ఊరు మార్చమన్నారు. అప్‌డేట్ రాశాను, ఊరు ఈక్వల్స్ పాతపట్నం అన్నాను, ఆ ఒక్క కస్టమరుకే అని చెప్పే వేర్ రాయడం మర్చిపోయి ఎంటర్ కొట్టాను. పదకొండు వేల మంది కస్టమర్లూ పాతపట్నం వాస్తవ్యులైపోయారు. రాజస్థాన్‌లో ఉన్నవాళ్ళు కూడా! ఆ రోజు నాకు వచ్చిన చెమట ఏ ఎండాకాలంలోనూ రాలేదు. ముందురోజు తీసిపెట్టిన కాపీ, అదే బ్యాకప్, ఉంది కాబట్టి ఉద్యోగం మిగిలింది. అప్పటినుంచి ఏ అప్‌డేట్ అయినా ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కొట్టి, ఎన్ని గీతలు వస్తున్నాయో కళ్ళతో చూసి, అప్పుడు కొడతాను.

ఇండెక్స్ గురించి గబగబా. పది లక్షల పేర్లు వచ్చిన వరసలో రాసి ఉంటే ఒకరిని వెతకడానికి మొదటినుంచి చివరిదాకా చదవాలి. అవే పేర్లు అక్షర క్రమంలో వేరే జాబితాగా ఉంటే, అదే ఇండెక్స్, మధ్యలో తెరుస్తాం, మనకి కావాల్సింది ఇటా అటా చూసి సగం వదిలేస్తాం, మిగిలిన సగంలో మళ్ళీ మధ్యకి. ఇలా ఇరవై సార్లు సగం చేస్తే 10,48,576 పేర్లలో ఒక పేరు దగ్గరికి వచ్చేస్తాం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె ఇదే, రెండుని ఇరవై సార్లు హెచ్చవేస్తే వచ్చేది. డేటాబేసులు ఇంకా తెలివిగా చేస్తాయి, ఒక్కో మెట్టులో సగం కాకుండా వందల ముక్కలు చేస్తాయి, మూడు నాలుగు అడుగుల్లో పని అయిపోతుంది. అయితే ప్రతి కాలమ్‌కీ ఇండెక్స్ పెట్టేద్దామని సరదా పడకండి. కొత్త పేరు రాసినప్పుడల్లా అన్ని ఇండెక్సుల్లోనూ దాని చోటు చూసి దూర్చాలి, వెతకడం తొందరైతే రాయడం నిదానమవుతుంది.

ఇక కరెంటు పోతే ఏమిటన్నది. (నవ్వులు) ఇందాకే చూశాం.

మా నాన్నది బజారులో కిరాణా దుకాణం. రెండు పుస్తకాలు ఉండేవి. చిట్టా, రోజు జరిగింది జరిగినట్టు వరసగా రాసేది. ఆవర్జా, ఒక్కో ఖాతాదారుకి ఒక్కో పేజీ. పగలంతా చిట్టాలో రాసి రాత్రి భోజనాలయ్యాక ఆవర్జాలోకి పద్దులు ఎక్కించేవారు. ఆవర్జాలో ఎక్కించిన ప్రతి పద్దుకీ చిట్టాలో పక్కన ఆ పేజీ నంబరు వేసేవారు. మధ్యలో నిద్ర వచ్చి పడుకున్నా, లాంతరు ఆరిపోయినా, పొద్దున్న చిట్టా తెరిస్తే పేజీ నంబరు లేని పద్దు ఎక్కడుందో అక్కడినుంచి ఎక్కించుకోవచ్చు. ఏదీ పోదు.

ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ లోపల చేసేది సరిగ్గా ఇదే. టేబుల్ దిద్దేముందు ఏం దిద్దబోతున్నామో లాగ్ అనే వరస పుస్తకంలో ముందు రాసుకుంటుంది, అది డిస్కు మీద పడ్డాకే సరే అయింది అంటుంది. కరెంటు పోయి మళ్ళీ వస్తే ముందు తన చిట్టా తెరిచి చూసుకుంటుంది. దీన్ని కాలేజీలో రైట్ అహెడ్ లాగ్ అని మొదటిసారి చదివినప్పుడు నాకు మా నాన్న కళ్ళద్దాలు గుర్తొచ్చాయి.

ట్రాన్సాక్షన్ అన్న మాట కూడా ఇక్కడే. నా ఖాతా నుంచి మీ ఖాతాకి 500 పంపాను. నాకు ఖర్చు పడాలి, మీకు జమ పడాలి. రెండు రాతలు. మొదటిది అయి రెండోది కాకముందు ఏదైనా జరిగితే ఆ 500 గాల్లో ఉండకూడదు. ఐతే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగనట్టే ఉండాలి. రెండూ అయ్యాయని ముద్ర వెయ్యడం కమిట్, ఏదీ జరగనట్టు వెనక్కి తీసుకోవడం రోల్‌బ్యాక్. పాతపట్నం రోజున ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి కొట్టి ఉంటే ఒక్క రోల్‌బ్యాక్‌తో బయటపడేవాణ్ణి.

ఇద్దరు ఒకేసారి రావడమూ దీనిలోదే. రైల్లో ఒక్క బెర్తు మిగిలింది, బరంపురంలో ఒకాయన, పలాసలో ఒకావిడ ఒకే సెకనులో నొక్కారు. ఇద్దరికీ ఖాళీ అనే కనిపించింది. డేటాబేస్ ఆ బెర్తు గీతకి తాళం వేస్తుంది, ముందు అందుకున్నవాళ్ళ పని అయ్యేదాకా రెండోవాళ్ళని ఆగమంటుంది, తర్వాత వెయిటింగ్ లిస్ట్ చూపిస్తుంది. తిట్టుకుంటాం గానీ, ఒకే బెర్తు మీద ఇద్దరు ఎక్కి కొట్టుకోవడం కంటే నయం. ఎక్సెల్‌కి ఈ పని రాదని ఇందాక చెప్పబోయింది ఇదే తమ్ముడూ.

బ్యాకప్ గురించి ఈ జిల్లావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పెదనాన్నగారింట్లో నీళ్ళు చేరి ట్రంకుపెట్టె అడుగునున్న వాళ్ళ చదివింపుల పుస్తకం ముద్దయిపోయింది. వాళ్ళకి ఇప్పుడు ఎవరింటికెళ్ళినా ఎంత పెట్టాలో తెలియదు, అందరికీ 516 పెట్టేస్తున్నారు. కాపీ అదే ట్రంకుపెట్టెలో ఉంటే అది కాపీ కాదు, ఇంకో ఊళ్ళో ఉండాలి.

మొదలుపెట్టడానికి డబ్బులేమీ అక్కర్లేదు. ఎస్‌క్యూలైట్ అని ఒకటుంది, రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో రాసి ఊరికే ఇచ్చేశాడు, ఒక్క ఫైలులో డేటాబేస్ అంతా ఉంటుంది. మీ జేబులో ఉన్న ఫోన్‌లో ఇప్పటికే ఉంది, వాట్సాప్ మెసేజీలు దాన్లోనే దాచుకుంటుంది. తెలుగులో పేర్లు రాసేవాళ్ళకి ఒక జాగ్రత్త. కొన్ని డేటాబేసుల్లో పేరు కాలమ్‌కి 20 అని పెడితే ఇరవై అక్షరాలు కాదు, ఇరవై బైట్లు, కంప్యూటర్ తనలో చోటుని కొలిచే చిన్న ముక్కలు. కంప్యూటర్ అక్షరాలు దాచుకోవడానికి మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకి వత్తు, గుణింతం, ఒక్కో గుర్తుకీ మూడేసి బైట్లు కావాలి. సూర్యనారాయణకి 33. అందుకని పాపం అతను 'సూర్యన' దగ్గర ఆగిపోతాడు, లేదా అసలు రాయనివ్వదు. గడి పెద్దది పెట్టండి.

ఆ మూల నుంచి చెయ్యి ఎత్తిన అన్నయ్యా, చెప్పండి. మొబైల్ నంబరు కీగా పెట్టుకుంటే పోదా, ఎవరిది వాళ్ళకే ఉంటుంది కదా అంటున్నారు. మా ఇంట్లో అమ్మకీ నాన్నకీ చాలా ఏళ్ళు ఒకటే ఫోను. మీ షాపులో పద్దులున్నవాళ్ళలో ఎంతమంది పక్కింటాయన నంబరు ఇచ్చారో లెక్క చూడండి. పైగా రీచార్జి చెయ్యకపోతే కొన్నాళ్ళకి ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు, అప్పుడు మీ పాత బాకీ అంతా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాలో ఉంటుంది. నంబరు ఒక కాలమ్‌గా ఉంచండి, కీ మాత్రం మీరే ఇవ్వండి, 1 నుంచి మొదలుపెట్టి.

వచ్చే ఆదివారం ఎవరింటి చదివింపుల పుస్తకం వాళ్ళు తెచ్చుకోండి, ఇక్కడే కూర్చుని టేబుళ్ళు గీద్దాం. పెద్దవాళ్ళని ఒకరిని వెంట తెచ్చుకుంటే మంచిది, ఆ గీతల్లో ఎవరెవరో చెప్పేది వాళ్ళే. ల్యాప్‌టాప్‌లు ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకుని రండి, ఈ హాలులో ప్లగ్గులు రెండే ఉన్నాయి, ఒకటి ఫ్యానుది.